దెయ్యాలను తయారుచేసిన మనిషి: జానపద బ్రహ్మ విఠలాచార్య

తెలుగునాట మాయలు, మంత్రాలు, దెయ్యాల సినిమా అనగానే ముందుగా గుర్తుకు వచ్చే పేరు బి. విఠలాచార్య. జనం ఆయనను ప్రేమగా ‘జానపద బ్రహ్మ’ అని పిలుచుకున్నారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్న మాటే లేని రోజుల్లో రెండు తరాల ప్రేక్షకులను భయపెట్టి, ఆ భయంతోనే నవ్వించి ఇంటికి పంపిన ఘనత ఆయనది.

విఠలాచార్య 1920లో నేటి కర్ణాటకలోని ఉడిపి దగ్గర ఉద్యావరలో జన్మించారు. తండ్రి ఆయుర్వేద వైద్యుడు. విఠలాచార్య చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. తొమ్మిదేళ్ల వయసులో బతుకుతెరువు కోసం ఇల్లు విడిచి అరసికెరె చేరారు. చిన్నాచితకా పనులు చేసి, చివరికి అక్కడే ఒక ఉడిపి హోటల్ నడిపే స్థితికి ఎదిగారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక హోటల్‌ను తమ్ముడికి అప్పగించి, స్నేహితులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు పెట్టారు.

ఆయనకు ఆ డేరాయే కళాశాల అయింది. ప్రతి రాత్రీ తాను వేసే సినిమాను తానే చూసేవారు. తెరతో పాటు, నేల మీద కూర్చున్న జనాన్ని కూడా చూసే అవకాశం టాకీసు నడిపేవాడికి ఉంటుంది. ఎక్కడ ఊపిరి బిగబడుతున్నారు, ఎక్కడ ఈల వేస్తున్నారు, ఎక్కడ బీడీ వెలిగించుకోవడానికి లేస్తున్నారు అన్నది అక్కడే తెలుస్తుంది. మన నెల్లూరు తీరం ఊళ్లలోనూ ఒకప్పుడు ఇలాంటి డేరాలు ఉండేవి. ఇసుక మీద కూర్చుని విఠలాచార్య సినిమా చూసిన రాత్రుల గురించి మా తాత ఇప్పటికీ చెబుతుంటాడు.

తరువాత ఆయన డి. శంకర్‌సింగ్‌తో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ సంస్థ ద్వారా కన్నడ చిత్రాలు నిర్మించారు. ఆపై సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ ప్రారంభించి మద్రాసు చేరారు. ‘కన్యాదానం’ (1955) వంటి సాంఘికంతో తెలుగులో అడుగుపెట్టినా, ఆయనకు పేరు తెచ్చినవి జానపదాలే. ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘లక్ష్మీకటాక్షం’ (1970) వాటిలో కొన్ని. నెల్లూరులో రెవెన్యూ ఉద్యోగం చేస్తూ నాటకాలాడి సినిమాల్లోకి వెళ్లిన మన రాజనాల ఆయన చిత్రాల్లో ప్రతినాయకుడిగా మెరిశారు. తక్కువ ఖర్చుతో, అనుకున్న సమయానికి సినిమా పూర్తి చేయడం విఠలాచార్య పద్ధతి. నటుడు సమయానికి రాకపోతే కథలో ఆ పాత్రను చిలుకగానో మేకగానో మార్చేసి షూటింగ్ కొనసాగించేవారని సినిమావాళ్లు సరదాగా చెప్పుకుంటారు.

మరి ఆ దెయ్యాలు ఎలా పుట్టేవి? ఫిజిక్సు చదివిన నాకు ఇది చాలా ఇష్టమైన విషయం. మనిషి మాయం కావాలంటే కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, మధ్యలో ఆపుతారు. ఆ మనిషి పక్కకు తప్పుకుంటాడు, మిగిలినవాళ్లు బొమ్మల్లా నిలబడతారు. మళ్లీ కెమెరా తిప్పితే తెర మీద ఆ మనిషి ఉండడు. 1896లోనే పారిస్‌లో జార్జ్ మెలియెస్ వాడిన ఉపాయమిది. ఇక, అవతలి గోడ కనిపించే దెయ్యం కావాలంటే ఒకే ఫిల్మును రెండుసార్లు వాడతారు. మొదట ఖాళీ గదిని తీసి, ఫిల్మును వెనక్కి చుట్టి, నల్లని తెర ముందు నటిని తీస్తారు. నలుపు నుంచి వెలుతురు రాదు కాబట్టి నటి మాత్రమే పడుతుంది. గిన్నెలు గాలిలో ఎగరడానికి కంటికి ఆనని సన్నని తీగ చాలు.

అయితే ట్రిక్కు ఒక్కటే భయం పుట్టించదు. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’ని చూడండి. వంట చేస్తున్నది దెయ్యమని మనకు తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలియదు. వాళ్లు ఎప్పుడు చూస్తారో, ఏమవుతుందో అన్న ఎదురుచూపే ఉత్కంఠ. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పాలని హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ వివరించిన సూత్రం కూడా ఇదే. ఆ దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంటే భయమూ నవ్వూ ఒకేసారి వస్తాయి. మేం హాస్టల్లో ఉన్నప్పుడు ఆ సినిమా టీవీలో చూసిన రాత్రి, బాత్రూంకు వెళ్లాలంటే నలుగురం కలిసి వెళ్లాం!

విఠలాచార్య 1999లో మద్రాసులో కన్నుమూశారు. ఆయన సినిమాలు మూఢనమ్మకాలను పెంచాయన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. చేతబడి చేసిందన్న అనుమానంతో పేద ఆడవాళ్లను కొట్టిన, చంపిన వార్తలు మన తెలుగు జిల్లాల నుంచి ఇప్పటికీ వస్తున్నాయి. దెబ్బలు తినేది ఎక్కువగా మనలాంటి ఇళ్లవాళ్లే. ఆ భయాన్ని పోగొట్టే మార్గం కూడా ఆయన పనిలోనే ఉంది. తెర వెనుక తీగను ఒక్కసారి చూసినవాడు దెయ్యానికి భయపడడు, ఎవరినీ దెయ్యం అనడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మూడో తరగతితో చదువు ఆగినా ఆయన గొప్పవాడయ్యాడు కదా అని పుస్తకం మూసేయకండి. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదటిదాన్ని. చదువు ఆగిపోతే ఎంత కష్టమో మా అమ్మానాన్నలను చూస్తే తెలుస్తుంది. బడి దొరకని చోట కూడా ఆయన చూడటం, ప్రశ్నించడం, చేసి చూడటం మానలేదు. మనకు బడి కూడా దొరికింది. ఈసారి దెయ్యం సినిమా వస్తే కళ్లు మూసుకోకండి. కెమెరా ఎక్కడ ఆగిందో కనిపెట్టండి. ఆ రాత్రి భయపడే చిన్నవాళ్లకు అది వివరించి చెప్పండి.

– ఎం.ఎస్సీ. విద్యార్థిని, హాస్టల్ పూర్వ విద్యార్థిని