కొలత గొలుసు విడిచిన క్లౌ దొరగారు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 4:1-5, 1 కొరింథీయులకు 1:26-29



దేవుడు మోషేను పిలిచినప్పుడు ఆయన చేతిలో నున్నది మందలు కాయు కఱ్ఱ మాత్రమే. దానిని నేల పడవేయుమని దేవుడు సెలవిచ్చెను. పిమ్మట దానినే మరల పట్టుకొనుమనెను. ఆ కఱ్ఱయే తరువాత ఎఱ్ఱ సముద్రము మీద చాపబడెను. మనము ప్రభువు కొరకు విడిచిన పని వ్యర్థమైపోదని ఈ భాగము నేర్పుచున్నది. ఇట్లే జరిగిన ఒక జీవితము మన ప్రాంతపు సంఘముల పునాదిలోనే యున్నది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో పుట్టెను. తల్లిదండ్రులు సేద్యము చేసుకొనువారు. మంచి నేలను వెదకుకొనుచు పడమటికి వలస పోయిరి. యౌవనములో జాన్ ప్రభుత్వ సర్వే బృందముతో మిన్నెసోటా అడవులకు పోయి, భూమిని గొలుసులతో కొలిచి హద్దులు వేయు పని నేర్చి, డిప్యూటీ సర్వేయరు అయ్యెను. జీతము మంచిది. లాయరు కావలెననియు, రాజకీయములలో పేరు పొందవలెననియు ఆయన కోరిక. అందుకై అయోవా రాష్ట్రములోని బర్లింగ్టన్ పట్టణమునకు చదువ వెళ్ళెను.

అక్కడనే ప్రభువు ఆయనను పట్టుకొనెను. లా చదువు తలంపు సన్నగిల్లెను. కొంతకాలము బడి పంతులుగా పని చేసి, పిమ్మట ఊరూర క్రైస్తవ పుస్తకములు అమ్మి పంచు పని చేసెను. 1861లో హేరియెట్ సండర్లాండ్ అను ఆమెను వివాహమాడెను.

ఆ దినములలో తెలుగు మిషను దీనస్థితిలో నుండెను. 1840లో నెల్లూరులో శామ్యుయేల్ డే దొరగారు ఆరంభించిన పనికి ఇరువది యేండ్లు దాటినను ఫలము స్వల్పమే. దానిని మూసివేయుదమా యని అమెరికా సంఘములవారు మాటిమాటికి చర్చించిరి. 1862లో ఆరోగ్యము చెడి స్వదేశము చేరిన లైమన్ జూయెట్ దొరగారు మాత్రము అందుకు ఒప్పుకొనలేదు. మిషను వారు పంపకపోయినను తాను ఒంటరిగానైనను తెలుగువారి యొద్దకే తిరిగి వచ్చి అక్కడనే చనిపోదునని తెలియజేసిరి. ఆయనకు తోడుగా పంపబడినవారే క్లౌ దంపతులు.

1864 నవంబరు చివర బోస్టను రేవులో వారు ఓడ ఎక్కిరి. అది తెరచాపలతో నడచు చిన్న ఓడ. గాలి వీచినంత నడక, వీచనిచో నిలకడ. భూమిని అడుగడుగు కొలిచిన మనుష్యునికి గుర్తు రాయి లేని సముద్రము ఎట్లుండెనో ఊహించుకొనుడు. 1865 ఏప్రిల్ నెలలో గాని మద్రాసు కనబడలేదు. దాదాపు అయిదు నెలలు నీటి మీదనే గడచెను. 107వ కీర్తనలో ఓడలెక్కి మహాజలముల మీద తిరుగువారిని గూర్చి చదువుచున్నాము గదా. తమ బలము చాలదని వారు సముద్రము మీదనే నేర్చుకొందురు. ఆ పాఠము క్లౌ దొరగారికి ఒంగోలులో అక్కరకు వచ్చెను.

1866లో ఆయన ఒంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరి ఒకటవ తేదీన అక్కడి సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. అంతకు ముందే, ఒంగోలుకు సుమారు నలువది మైళ్ళ దూరములోని తాళ్ళకొండపాడు నుండి మాదిగ కులస్థుడగు యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు భార్య నాగమ్మగారితో వచ్చి బాప్తిస్మము పొందిరి. కొలది నెలలలో ఆ గ్రామమున ఇరువది ఎనిమిదిమంది ప్రభువును ఒప్పుకొనిరి.

ఇందువలన పెద్ద చిక్కు వచ్చెను. ఒంగోలులోని పెద్దకులములవారు తమ పిల్లలను దొరగారి బడికి పంపుచుండిరి. మాదిగవారిని చేర్చుకొనినచో మేము రామని వారు చెప్పిరి. దొరగారు ఒక గదిలోను దొరసానిగారు వేరొక గదిలోను ప్రార్థించి బైబిలు తెరువగా, ఇద్దరికిని కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడెనట. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు అక్కడ వ్రాసెను. ఇక సందేహము లేకపోయెను. పెద్దకులముల పిల్లలు బడి మానిరి. బీదలు సంఘములో నిలిచిరి.

పిమ్మట 1876-78 సంవత్సరముల గొప్ప కరవు వచ్చెను. వానలు లేవు, గింజలు లేవు, దారుల ప్రక్కనే జనులు చనిపోయిరి. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసికొనిరి. నేలను కొలుచుట, మట్టి పని లెక్క కట్టుట ఎవరికి తెలియును? మిన్నెసోటా అడవులలో నేర్చి విడిచిపెట్టిన ఆ విద్యనే ప్రభువు మరల ఆయన చేతికిచ్చెను. వేలమంది ఆ కాలువ మీద కూలి పొంది ప్రాణములు దక్కించుకొనిరి. బోధకులే మేస్త్రీలైరి. పని ఆగిన వేళలలో మత్తయి 11:28లోని ప్రభువు పిలుపును వారు వినిపించుచుండిరి.

అయితే కరవు సాగినంత కాలము దొరగారు బాప్తిస్మము ఇయ్యలేదు. అనేకులు అడిగిరి, ఆయన ఆగుమనిరి. కూటి కొరకు ప్రభువు నామమును పలుకుట వారికిని సంఘమునకును మేలు కాదని ఆయన యెరుగును. సహాయపు పని ముగిసి, ఇయ్యవలసిన డబ్బు చేతిలో లేనప్పుడు, 1878లో గుండ్లకమ్మ నదీ తీరమున వెల్లంపల్లి యొద్ద జనులు గుంపులుగా కూడిరి. వారిని విచారించి, జూలై 3వ తేదీన 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున. దొరగారు తాము ఎవరికిని ఇయ్యలేదు. ఆ సంవత్సరాంతమునకు లెక్క తొమ్మిదివేలు దాటెను.

పని విస్తరించిన కొలది క్రొత్త స్టేషనులు వెలసెను. 1885లో ఉదయగిరి, 1893లో ఆత్మకూరు ఏర్పడెను. కొండాపురము చుట్టుపట్లనున్న మనకు ఇది పరాయి కథ కాదు.

1893లో హేరియెట్ దొరసానిగారు మరణించిరి. మరుసటి యేట ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌గారిని వివాహమాడిరి. చివరి యేండ్లలో శరీరము దుర్బలమై ఊరూర తిరుగలేని కాలము వచ్చెను. గుఱ్ఱము మీద పల్లెలన్నియు తిరిగినవానికి కుర్చీయే లోకమాయెను. అయినను ఆయన ఊరకుండలేదు. తన జీవితమంతయు జ్ఞాపకము చేసికొని చెప్పుచుండగా భార్య వ్రాసెను. 1910 నవంబరు 24న రోచెస్టరు పట్టణములో ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆ గ్రంథము 1914లో అచ్చు పడెను. పేరయ్యగారి వంటి పల్లెవాసుల పేర్లు దూరదేశములవారికి తెలిసినది ఇట్టి వ్రాతల వలననే.

ప్రియులారా, మనలో చెప్పులు కుట్టువారు, మేకలు కాయువారు, గుమాస్తాలు, పంతుళ్ళు ఉన్నారు. పని మారవలసి వచ్చి దిగులుపడుచున్న యౌవనులును ఉన్నారు. నేర్చినదంతయు పోయెనని తలంచకుడి. పౌలు గుడారములు కుట్టు పని మానలేదు. దానితోనే కొరింథులో కూడు సంపాదించుకొనెను. నీ చేతిలో నున్నదేమి యని ప్రభువు నేడును అడుగుచున్నాడు. దానిని ఆయన యెదుట పెట్టుడి. ఎప్పుడు మరల పట్టుకొనవలెనో ఆయనే చెప్పును.

ప్రార్థన: ప్రభువా, మా చేతి పనిని నీ కొప్పగించుచున్నాము. విడువుమన్నప్పుడు విడుచుటకును, పట్టుమన్నప్పుడు పట్టుటకును మాకు విధేయత నిమ్ము. ఆమేన్.