జోసెఫ్ విట్‌వర్త్

సర్ జోసెఫ్ విట్‌వర్త్ (డిసెంబర్ 21, 1803 - జనవరి 22, 1887) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ యంత్రనిర్మాత, ఆవిష్కర్త, దాత. మరచీలల కొలతలను మొట్టమొదట దేశవ్యాప్తంగా ప్రామాణీకరించిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. మూతి నుండి మందు దట్టించే రైఫిళ్ళలో గొట్టపు వ్యాసం (కాలిబర్), గాడుల మెలిక, తూటా ఆకృతి ఈ మూడింటికీ గల సంబంధాన్ని వరుస ప్రయోగాలతో పరిశీలించి, తన కాలంలో అత్యంత గురి గల రైఫిల్‌ను రూపొందించాడు. దానిని బ్రిటిష్ సైన్యం తన సాధారణ ఆయుధంగా స్వీకరించలేదు. అయినా ఆ ప్రయోగాల ఫలితాలు తరువాతి తరం రైఫిళ్ళకు మార్గం చూపాయి.

బాల్యము, తొలి జీవితము

విట్‌వర్త్ ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతానికి చెందిన స్టాక్‌పోర్ట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ విట్‌వర్త్ ఉపాధ్యాయుడు, తరువాత క్రైస్తవ మతబోధకుడయ్యాడు. జోసెఫ్‌ను 14వ యేట డెర్బీషైర్‌లో నూలు మిల్లు నడుపుతున్న మేనమామ వద్ద పనిలో చేర్చారు. నూలు వ్యాపారం కంటే అక్కడి యంత్రాలే అతనిని ఆకర్షించాయి. సుమారు నాలుగేళ్ళ తరువాత ఆ పని విడిచి మాంచెస్టర్ చేరి, సాధారణ మెకానిక్‌గా జీవితం ప్రారంభించాడు.

1825లో లండను వెళ్ళి హెన్రీ మాడ్‌స్లే కర్మాగారంలో చేరాడు. ఆ కాలంలో యంత్రనిర్మాణంలో మాడ్‌స్లేను మించినవారు లేరు. అనంతరం హోల్ట్‌జాఫెల్ వద్ద, జోసెఫ్ క్లెమెంట్ వద్ద పనిచేశాడు. ఛార్లెస్ బాబేజ్ రూపొందించిన గణనయంత్రం (డిఫరెన్స్ ఇంజన్) భాగాలను క్లెమెంట్ కర్మాగారంలోనే తయారుచేశారు. అతిసూక్ష్మమైన పనిలో విట్‌వర్త్‌కు ఇక్కడ మంచి శిక్షణ లభించింది.

మాంచెస్టర్ కర్మాగారము

1833లో విట్‌వర్త్ మాంచెస్టర్ తిరిగివచ్చి చోర్ల్‌టన్ వీధిలో సొంత కర్మాగారం స్థాపించాడు. మూడు లోహపు పలకలను ఒకదానితో ఒకటి సరిచూస్తూ, ఎత్తుగా ఉన్న చోట్ల గీకి, సంపూర్ణ సమతలాన్ని సాధించే పద్ధతిని ఇతడు ప్రచారంలోకి తెచ్చాడు. అంగుళంలో పదిలక్షల వంతు తేడాను కూడా గుర్తించగల కొలతయంత్రాన్ని నిర్మించాడు.

అప్పట్లో ప్రతి కర్మాగారం తనకు తోచిన కొలతలతో మరచీలలు తయారుచేసేది. ఒకచోట చేసిన చీలకు మరొకచోట చేసిన నట్టు సరిపోయేది కాదు. విట్‌వర్త్ వివిధ కర్మాగారాల చీలలను సేకరించి, వాటి సగటు ఆధారంగా 55 డిగ్రీల కోణం గల మరను 1841లో ప్రతిపాదించాడు. రైల్వే సంస్థలు దీనిని స్వీకరించడంతో అది బ్రిటన్‌లోను, బ్రిటిష్ యంత్రాలతో పాటు భారతదేశంతో సహా అనేక దేశాలలోను వ్యాపించింది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో విట్‌వర్త్ యంత్రాలు విశేషంగా ప్రశంసలు పొందాయి.

రైఫిల్ ప్రయోగాలు

నేపథ్యము

1853లో బ్రిటిష్ సైన్యం ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను ఎంచుకుంది. దీని కాలిబర్ 0.577 అంగుళాలు. గొట్టంలో మూడు గాడులుండేవి. అవి 78 అంగుళాల పొడవులో ఒక పూర్తి చుట్టు తిరిగేవి. తూటా బరువు సుమారు 530 గ్రెయిన్లు, అనగా సుమారు 34 గ్రాములు. తూటా గొట్టం కంటే కొంచెం సన్నగా ఉండటం వలన మూతి నుండి సులభంగా లోపలికి దిగేది. మందు పేలినపుడు మెత్తని సీసం ఉబ్బి గాడులను పట్టుకొని, గిరగిర తిరుగుతూ బయటికి వచ్చేది. ఈ రైఫిల్ కాగితపు తూటాలకు పూసిన కొవ్వును గురించిన అనుమానమే 1857లో భారతదేశంలో సిపాయిల తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటయింది.

ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు చేతిపని వలన ఒకదానికొకటి సరిపోలేవి కావు. అందువలన వాటిని తయారుచేసే యంత్రాలను రూపొందించమని ప్రభుత్వం 1854లో విట్‌వర్త్‌ను కోరింది. తుపాకి గొట్టం ఎలా ఉండాలో ముందుగా తేలనిదే యంత్రాలు నిర్మించడం వ్యర్థమని విట్‌వర్త్ భావించి, ప్రయోగాలకు అనుమతి కోరాడు. మాంచెస్టర్‌లో తన నివాసం వద్ద 500 గజాల పొడవున పైకప్పు గల గురిశాల నిర్మించారు. దానిని గాలివాన కూల్చివేయగా తిరిగి కట్టారు. 1855లో ప్రయోగాలు మొదలయ్యాయి. తూటా మార్గంలో పలుచని కాగితపు తెరలు కట్టి, వాటిపై పడిన రంధ్రాలను బట్టి తూటా గమనాన్ని పరిశీలించారు.

కాలిబర్, మెలిక, తూటా

తూటా బరువును తగ్గించకుండా దాని వ్యాసాన్ని తగ్గిస్తే, తూటా పొడవు పెరుగుతుంది. సన్నని తూటాకు గాలి నిరోధం తక్కువ కనుక, అది వేగాన్ని త్వరగా కోల్పోదు. అయితే పొడవైన తూటా గాలిలో తలక్రిందులయ్యే స్వభావం కలది. దానిని నిలకడగా ఉంచాలంటే బొంగరం వలె మరింత వేగంగా తిప్పాలి. అనగా గాడుల మెలిక బిగువుగా ఉండాలి. కాబట్టి కాలిబర్‌ను, మెలికను, తూటాను విడివిడిగా నిర్ణయించడం సాధ్యం కాదు.

విట్‌వర్త్ 60 అంగుళాలకు ఒక చుట్టు మొదలుకొని ఒకే అంగుళానికి ఒక చుట్టు వరకు వివిధ మెలికలు గల గొట్టాలను పరీక్షించాడు. చివరకు 20 అంగుళాలకు ఒక చుట్టు అనుకూలమైనదని నిర్ణయించాడు. తూటా బరువును 530 గ్రెయిన్లుగానే ఉంచి, కాలిబర్‌ను 0.451 అంగుళాలకు తగ్గించాడు. తూటా పొడవు వ్యాసానికి సుమారు మూడు రెట్లు అయింది.

ఎన్‌ఫీల్డ్ మెలికతో పోలిస్తే ఇది దాదాపు నాలుగు రెట్లు బిగువైనది. ఇంతటి మెలికలో సాధారణ సీసపు తూటా గాడుల పట్టు తప్పి జారిపోయే ప్రమాదముంది. దీనికి పరిష్కారంగా విట్‌వర్త్ గాడులకు బదులు గొట్టం లోపలి భాగాన్నే మెలితిరిగిన షట్కోణంగా మలిచాడు. తూటాను కూడా అదే మెలికతో షట్కోణాకారంలో తయారుచేయడం వలన అది జారేందుకు వీలుండదు. మెత్తని సీసంతో చేసిన గుండ్రని తూటా కూడా ఇందులో పనిచేసేది. పేలుడు ధాటికి అది ఉబ్బి షట్కోణాకారం పొందేది.

విట్‌వర్త్ ప్రయోగంతో కనుగొన్న ఈ సంబంధానికి 1879లో ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సూత్రాన్ని ఇచ్చాడు. దాని ప్రకారం 150ని తూటా పొడవుకు, వ్యాసానికి గల నిష్పత్తితో భాగిస్తే, మెలిక ఎన్ని వ్యాసాల పొడవుండాలో తెలుస్తుంది. పొడవు వ్యాసానికి మూడు రెట్లయితే 50 వ్యాసాలు వస్తుంది. 0.451 అంగుళాల కాలిబర్‌కు ఇది సుమారు 22.5 అంగుళాలు. విట్‌వర్త్ ఎంచుకున్న 20 అంగుళాలు దీనికి చాలా దగ్గరగా ఉండి, కొంత అదనపు నిలకడను కూడా ఇస్తుంది.

హైత్ పరీక్షలు

1857లో కెంట్ ప్రాంతంలోని హైత్ సైనిక పాఠశాలలో రెండు రైఫిళ్ళను పోల్చి పరీక్షించారు. 500 గజాల దూరంలో తూటాల సగటు విచలనం ఎన్‌ఫీల్డ్‌కు 2 అడుగులకు పైగా ఉండగా, విట్‌వర్త్ రైఫిల్‌కు అరడుగు కంటే తక్కువగా ఉంది. 1,100 గజాల వద్ద అది ఎన్‌ఫీల్డ్‌కు సుమారు 8 అడుగులు, విట్‌వర్త్‌కు సుమారు రెండున్నర అడుగులు. 1,400 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్‌తో గురిని కొట్టడమే సాధ్యపడలేదు. విట్‌వర్త్ రైఫిల్ అక్కడ కూడా 5 అడుగుల లోపు విచలనాన్నే చూపింది.

1860 జూలై 2న వింబుల్డన్‌లో జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. బల్లపై బిగించిన విట్‌వర్త్ రైఫిల్‌ను ఆమె త్రాడు లాగి పేల్చగా, 400 గజాల దూరంలోని గురికి నడిబొడ్డు నుండి ఒకటింపావు అంగుళం దూరంలో తూటా తగిలింది.

సైన్యం తిరస్కరణ

ఇంత స్పష్టమైన ఫలితాలు వచ్చినా సైన్యం ఈ రైఫిల్‌ను సాధారణ ఆయుధంగా స్వీకరించలేదు. కొంతకాలం కొన్ని దళాలకు ఇచ్చి పరీక్షించి విరమించింది. దీనికి ప్రధాన కారణం నల్లమందు మసి. సన్నని గొట్టంలో మసి త్వరగా పేరుకుపోయి, కొన్ని గుండ్ల తరువాత మూతి నుండి తూటాను దించడం కష్టమయ్యేది. ఎన్‌ఫీల్డ్ తూటా వదులుగా ఉండటం వలన మసి పట్టిన గొట్టంలో కూడా దిగేది. యుద్ధరంగంలో సామాన్య సైనికునికి గురి ఎంత ముఖ్యమో, వేగంగా దట్టించగలగడం కూడా అంతే ముఖ్యం. పైగా విట్‌వర్త్ రైఫిల్ ఖరీదు ఎన్‌ఫీల్డ్‌కు సుమారు నాలుగు రెట్లు. గొట్టం శ్రేష్ఠతను మాత్రమే చూసిన ఆవిష్కర్తకు, వేలాది సైనికుల అవసరాలను చూసిన అధికారులకు మధ్య ఈ వివాదం అనేక సంవత్సరాలు సాగింది.

అమెరికా అంతర్యుద్ధము

అమెరికా అంతర్యుద్ధంలో (1861-1865) దక్షిణాది సైన్యం కొద్దిసంఖ్యలో విట్‌వర్త్ రైఫిళ్ళను తెప్పించుకొని, ఎంపిక చేసిన గురికాండ్రకు ఇచ్చింది. దూరం నుండి శత్రు అధికారులను, ఫిరంగి దళాలవారిని కొట్టడానికి వీటిని వాడారు. అక్కడ వేగం కంటే గురియే ప్రధానం కనుక ఈ రైఫిల్ లోపాలు పెద్ద అడ్డంకి కాలేదు. 1864 మే 9న స్పాట్‌సిల్వేనియా వద్ద ఉత్తరాది సేనాని జాన్ సెడ్జ్‌విక్ మరణానికి విట్‌వర్త్ తూటాయే కారణమని సాధారణంగా చెబుతారు.

ఫిరంగులు, ఉక్కు

విట్‌వర్త్ ఇదే షట్కోణ పద్ధతిలో ఫిరంగులను కూడా నిర్మించాడు. వీటికి విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులతో తీవ్రమైన పోటీ ఏర్పడింది. ఫిరంగి గొట్టాలకు లోపంలేని ఉక్కు అవసరం కావడంతో, కరిగిన ఉక్కును గట్టిపడేటపుడు తీవ్రమైన ఒత్తిడికి గురిచేసి, అందులోని గాలిబుడగలను తొలగించే పద్ధతిని అభివృద్ధి చేశాడు.

గౌరవాలు, దానధర్మాలు, మరణము

1857లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1869లో బారోనెట్ బిరుదు విట్‌వర్త్‌కు లభించాయి. 1868లో యాంత్రికశాస్త్ర విద్యార్థుల కోసం సంవత్సరానికి 100 పౌండ్ల చొప్పున 30 విద్యార్థి వేతనాలను ఏర్పాటు చేశాడు. రెండుసార్లు వివాహం చేసుకున్నా సంతానం లేదు. 1887 జనవరి 22న మాంటెకార్లోలో మరణించాడు. భౌతికకాయాన్ని డెర్బీషైర్‌లోని డార్లీడేల్‌లో ఖననం చేశారు. అతని ఆస్తిలో అధికభాగం మాంచెస్టర్‌లోని విద్యాసంస్థలకు, ఆసుపత్రికి, ఉద్యానవనానికి, చిత్రకళాశాలకు వినియోగమైంది. 1897లో అతని సంస్థ పాత ప్రత్యర్థి సంస్థతో కలిసి ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్‌గా మారింది.

ప్రభావము

1871లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిల్ వెనుకనుండి తూటా పెట్టేది. దాని కాలిబర్ 0.45 అంగుళాలు, మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు, తూటా బరువు 480 గ్రెయిన్లు. షట్కోణపు గొట్టాన్ని వదలివేసినా, విట్‌వర్త్ చూపిన సన్నని గొట్టం, పొడవైన తూటా, బిగువైన మెలిక ఇందులో నిలిచాయి. మూతి నుండి దట్టించే అవసరం తొలగిపోవడంతో, మసి వలన తూటా దిగకపోవడమనే పాత అభ్యంతరం కూడా తొలగిపోయింది.