చెఱకునకు రెల్లు బలమిచ్చిన వేంకటరామన్

వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో చెఱకును, ఏటి యొడ్డున పెరుగు రెల్లును ఎఱుగని వారుండరు. చెఱకు తీపికి పేరుపొందినది. రెల్లు ఇంటికప్పునకు తప్ప అక్కరకురాని గడ్డి. ఈ రెండును దగ్గరి చుట్టములే. వీనికి వియ్యము గూర్చి దేశమునకు మేలొనర్చిన వారిలో ముఖ్యులు సర్ టి. ఎస్. వేంకటరామన్ గారు. వారి చరిత్రను ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

వారు 1884లో సేలమున జన్మించిరి. 1912లో కోయంబత్తూరున చెఱకు సంకరణ కేంద్రము వెలసినప్పుడు, దాని తొలి అధిపతియగు బార్బరు దొరవద్ద పనిచేసిరి. ఆ నాడు ఉత్తరదేశపు చెఱకు సన్నముగా నుండి తక్కువ దిగుబడి నిచ్చుచుండెను. లావుపాటి చెఱకు అచ్చటి చలికి తాళలేకుండెను. పంచదార జావా ద్వీపమునుండి ఓడలలో వచ్చుచుండెను.

రైతు చెఱకును ముచ్చెలతో నాటును. కావున తల్లి గుణములే పిల్లకు వచ్చును. క్రొత్త గుణము కావలెనన్నచో పూవులను కలిపి విత్తనము పుట్టింపవలెను. ఉత్తరమున చెఱకు సరిగా పూచి విత్తు పట్టదు, కోయంబత్తూరున పట్టును. అందుచేత ఉత్తరపు పొలములకు కావలసిన చెఱకు దక్షిణమున పుట్టవలసివచ్చెను. ఒక లావు చెఱకును రెల్లుతో సంకరము చేయగా కో. 205 అను రకము వెలువడి, 1918లో రైతులకు అందెను. అది పంజాబు పొలములలో చక్కగా పండెను. దక్షిణపు నేలలకు తరువాత కో. 419 వంటి వేఱు రకములు వచ్చెను.

బార్బరు గారి పిదప వేంకటరామన్ గారే కేంద్రమునకు అధిపతియైరి. 1937లో హైదరాబాదున జరిగిన సైన్సు కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. 1956లో పద్మభూషణ బిరుదము పొంది, 1963లో దివంగతులైరి.

వారి కాలమున మొక్కల గుణములను కంటితో చూచి ఏరుకొనుటయే మార్గము. నేడు శాస్త్రజ్ఞులు ఏ గుణము ఏ క్రోమోజోముమీద నున్నదో పటము గీయుచున్నారు. చెఱకులో క్రోమోజోములు నూటికి పైగా నుండుటచే ఆ పని మిక్కిలి చిక్కైనది. ఒక సంకరపు చెఱకుయొక్క జన్యురాశి సవివరముగా 2024లో గాని వెలువడలేదు. అందు రెల్లు పాలు నేటికిని కానవచ్చుచున్నది. కాని పటము ఒక్కటే చాలదు. ఒకే రకము నీరున్న చేనిలో ఒక రీతిగను, ఎండిన చేనిలో వేఱొక రీతిగను పండును. విత్తును, నేలను కలిపి చూచినగాని ఫలము తెలియదు.

కావున మన విద్యార్థులు ఏ మొక్కనైనను పనికిరానిదని త్రోసివేయుటకు ముందు, దాని గుణము ఏ నేలకు అక్కరయగునో ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము. ఏటి యొడ్డునున్న రెల్లు ఆ పాఠమును మనకు ఏటేట చెప్పుచునే యున్నది.