శ్రీమతి కనుపర్తి వరలక్ష్మమ్మగారు

స్త్రీల పుట యనగా వంటకములు, అల్లికలు, చిట్కావైద్యములు మాత్రమే యని తలచువారు నేటికిని గలరు. ఆ పుటలో శాసనముల చర్చను గూడ నెలకొల్పిన విదుషీమణి వరలక్ష్మమ్మగారు.

వీరు 1896లో బాపట్లయందు జన్మించిరి. 1909లో కనుపర్తి హనుమంతరావుగారితో వివాహమయ్యెను. అప్పటికి వీరి ప్రాయము పండ్రెండు పదుమూడేండ్లు.

మొదట ఆంధ్రపత్రికలో లీలావతి యను మాఱుపేరున 'మా చెట్టునీడ ముచ్చట్లు' వ్రాసిరి. 1928లో చెన్నపురియందు డాక్టరు కేసరిగారు గృహలక్ష్మి మాసపత్రికను స్థాపింపగా, అందు 'శారద లేఖలు' వెలయించిరి. శారద తన నెచ్చెలి కల్పలతకు వ్రాయు జాబులవి. ఇరుగుపొరుగు కబుర్లవలె మొదలిడి ఖద్దరు, అస్పృశ్యత, స్త్రీవిద్య, బాల్యవివాహముల కడకు చదువరిని గొనిపోవును.

1929లో శారదా చట్టము బాలికల వివాహమునకు 14 ఏండ్లు, బాలురకు 18 ఏండ్లు కనీసపు ప్రాయముగా విధించెను. (హరవిలాస శారదాగారి పేర నా చట్టమునకు పేరు వచ్చినది, లేఖలలోని శారదకు దానితో సంబంధము లేదు.) వరలక్ష్మమ్మగారు దానిని సమర్థించిరి. అదియే ఇరువదియేండ్లు ముందు వచ్చియుండినచో, వారి పెండ్లి జేసిన పెద్దలే దండనార్హులై యుందురు!

మేము కొత్తగూడ పరిసరములందు ఉపాధ్యాయత్వము నెరపిన దినములలో, చక్కగా చదువు బాలికలు వేసవి సెలవుల పిమ్మట బడికి మరలి రాకుండుట పెక్కుమారులు చూచితిమి. అడిగినచో పెండ్లియైనదని చెప్పెడివారు. వారిలో మన సంఘపు బిడ్డలును గలరు. వరలక్ష్మమ్మగారు మన సంఘమువారు కాకున్నను వారి చరిత్రమును ఈ సంచికకై వ్రాయుటకు కారణ మిదియే.

బాపట్లలో వారు 1931లో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించిరి. గృహలక్ష్మి స్వర్ణకంకణము 1934లో మొట్టమొదట వారికే లభించెను. 1978లో పరమపదించిరి.