పెర్సీ బ్రిడ్జిమన్

పోచంపల్లి సంతలో కుండ కొనేవారు దానిని వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి కుండ. మట్టిలో గాలి మిగిలితే కుండ ఆవంలో పగలవచ్చు. అందుకే కుమ్మరి మట్టిని తొక్కి, పిసికి మెత్తగా చేస్తాడు. కర్మాగారాలలో పింగాణీ వంటి పదార్థాల పొడిని యంత్రాలతో అదుముతారు. గాలి పీడనానికి వేల రెట్ల ఒత్తిడిని పాత్రలో నిలిపే ఉపాయం కనిపెట్టినవాడు పెర్సీ బ్రిడ్జిమన్.

ఆయన 1882 ఏప్రిల్ 21న అమెరికాలోని కేంబ్రిడ్జిలో జన్మించాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివి, 1908లో డాక్టరేటు పొంది, అక్కడే ఆచార్యుడైనాడు.

ఒత్తిడికి లోనైన ద్రవాలలో కాంతి ఎలా ప్రసరిస్తుందో చూడాలని ఆయన మొదట అనుకున్నాడు. ఒకనాడు పరికరం పేలి, ముఖ్యమైన భాగం పాడైపోయింది. కొత్తది యూరపు నుండి రావాలి. అంతవరకు ఊరక కూర్చోక, మిగిలిన పరికరంతో వేరే పరీక్షలు మొదలుపెట్టాడు. అప్పుడే తాను అమర్చిన మూతలోని విశేషం తెలిసింది. ఒత్తిడి పెరిగితే ఏ మూత సందులోనైనా ద్రవం కారుతుంది. ఈ మూత మాత్రం మరింత బిగిసింది! ద్రవం మూతనంతా నెడుతుంది. ఆ బలమంతా అంతకన్నా తక్కువ వైశాల్యంగల మెత్తని వాషరు మీద పడుతుంది. కనుక వాషరులోని ఒత్తిడి ద్రవంలోని ఒత్తిడికన్నా ఎప్పుడూ ఎక్కువే.

అంతకుముందు పరిశోధకులు దాదాపు 3,000 రెట్ల వద్ద ఆగిపోయారు. బ్రిడ్జిమన్ 12,000 రెట్లు దాటాడు. ఇక మూత కారదు, పాత్రే పగలాలి. ఎన్నో ఉక్కు పాత్రలు పగిలాయి కూడా. తరువాత టంగ్‌స్టన్ కార్బైడు దిమ్మెలతో లక్ష రెట్లకు చేరాడు. పరికరాలను చాలావరకు తన చేతులతోనే తయారుచేసుకొనేవాడు. 1946లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఒక కోరిక మాత్రం తీరలేదు. గ్రాఫైటును వజ్రంగా మార్చాలని ఏళ్ల తరబడి శ్రమించాడు. దానికి ఒత్తిడితోపాటు తీవ్రమైన వేడి, కరిగిన లోహం తోడు కావాలి. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆ పని సాధించారు. 1957లో వారే బోరాన్ నైట్రైడు అనే పింగాణీ జాతి పదార్థాన్ని అదిమి, ఇంచుమించు వజ్రమంత గట్టిగా మార్చారు. 1955లో బాటెల్ సంస్థలో వేడి వాయువుతో అన్ని వైపుల నుండి సమానంగా అదిమే పద్ధతి వెలువడింది. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియం ఆక్సైడు పొడిని ముందు అదిమి బిళ్లలుగా చేసి, ఆ తరువాతనే కొలిమిలో కాలుస్తారు.

తనకు అందని వజ్రం ఇతరుల చేతికి రావడం బ్రిడ్జిమన్ కళ్లారా చూశాడు. 1961 ఆగస్టు 20న మరణించాడు.