ఆదివారాన్నీ సోమవారాన్నీ కలిపిన పత్రిక

విక్టోరియా రాణి కాలపు స్కాట్లండ్‌లో, భక్తి గల ఇళ్లలో ఆదివారం పూట నవల ముట్టుకునేవారు కారు. బైబిలు, ప్రసంగాలు, పుణ్యపురుషుల జీవితాలు తప్ప మిగతా చదువంతా ఆ రోజుకు అటకెక్కవలసిందే. అలాంటి ఇళ్లలోకి కథనూ కవితనూ ఖగోళశాస్త్రాన్నీ ప్రార్థనతోపాటే తీసుకువెళ్లిన పత్రిక ‘గుడ్ వర్డ్స్’. ఆ సాహసాన్ని ఎంతో మర్యాదగా చేసిన ఆ మాసపత్రికకు ఈ నివాళి.

అది 1860లో ఎడిన్‌బరోలో పుట్టింది. కన్నవాడు ప్రచురణకర్త అలెగ్జాండర్ స్ట్రాహన్, పెంచినవారు నార్మన్ మెక్లౌడ్. ఆయన గ్లాస్గో బరోనీ చర్చి పాదిరి, రాణిగారి ఆస్థాన పాదిరులలో ఒకరు. మంచి బట్టలు లేక చర్చికి రాలేని కార్మికుల కోసం ఆదివారం సాయంత్రాలు ప్రత్యేక ఆరాధనలు పెట్టి, పని బట్టలతోనే రమ్మని పిలిచిన మనిషి. ఆ మనసే పత్రికకూ వచ్చింది. విశ్వాసికి ఆదివారం ఒక బుద్ధి, సోమవారం ఒక బుద్ధి ఉండవని ఆయన నమ్మారు. పత్రిక మొదటి ఏడాది వారపత్రికగా నడిచి, 1861 నుంచి ఆరు పెన్నీల మాసపత్రిక అయింది. కొద్ది ఏళ్లలోనే ప్రతులు లక్ష దాటాయి.

ఆ పుటల్లో ఎవరు రాయలేదు! సూర్యుడి గురించి, తోకచుక్కల గురించి సర్ జాన్ హెర్షెల్ అంతటి శాస్త్రవేత్త సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా రాశారు. 1868లో టెన్నిసన్ కవిత వచ్చింది. ఆ ఏడాది చివర ప్రధాని కాబోతున్న గ్లాడ్‌స్టన్, క్రీస్తు జీవితంపై వచ్చిన ఒక వివాదాస్పద గ్రంథాన్ని అందులోనే సమీక్షించారు. మెక్లౌడ్ 1867లో మన దేశానికి వచ్చి బొంబాయి, మద్రాసు, కలకత్తా చూసి రాసిన యాత్రావ్యాసాలూ అందులోనే వెలువడ్డాయి.

నాకు అన్నిటికన్నా ప్రియమైనవి ఆ బొమ్మలు. 1863 సంచికల్లో క్రీస్తు చెప్పిన ఉపమానాలకు జాన్ ఎవరెట్ మిల్లే వేసిన పన్నెండు చిత్రాలు వచ్చాయి. వాటిని చెక్కినవారు డాల్జియల్ సోదరులు. బొమ్మలు వేసే పని వారు మిల్లేకు అప్పగించింది 1857లో. మిల్లే తొందరపడలేదు, వారూ తొందరపెట్టలేదు. గట్టి చెక్క దిమ్మ మీద గీసిన గీతను వదిలి, దాని చుట్టూ వెంట్రుకవాసి చెక్కను తొలిచేవారు ఆ పనివారు. పోయిన నాణెం కోసం దీపం పట్టుకుని చీకటింట్లో వెతికే స్త్రీ బొమ్మ చూడండి. ఆ చీకటి ఎన్ని వేల గీతల కష్టమో తెలుస్తుంది. ఆరు పెన్నీలకు అంతటి కళను కార్మికుడి ఇంటికి చేర్చడం చిన్న సేవ కాదు.

దానికి కష్టాలూ వచ్చాయి. పవిత్రమైనదాన్నీ లౌకికాన్నీ కలగలుపుతోందని ‘రికార్డ్’ అనే మతవర్గపు వార్తాపత్రిక 1863లో విరుచుకుపడింది. అదే ఏడు ఆంథొనీ ట్రాలప్ నవల ‘రేచల్ రే’ను అడిగి రాయించుకుని కూడా, తన పాఠకులు నొచ్చుకుంటారని మెక్లౌడ్ వద్దనుకోవలసి వచ్చింది. ట్రాలప్ పగ పట్టలేదు. తరువాతా ఆ పత్రికకు రాశారు. 1880లో ‘ట్రంపెట్ మేజర్’ను సీరియల్‌గా వేసేటప్పుడు, ప్రేమికులు కలుసుకునే ఆదివారాన్ని శనివారంగా మార్చమని మెక్లౌడ్ తరువాతి సంపాదకుడు థామస్ హార్డీని అడిగారు. ఆయన మారు మాట్లాడకుండా మార్చారు. ఇది పిరికితనం అనేవాళ్లున్నారు. నేను అనను. తనను నమ్మి తలుపు తీసిన ఇంటివారి మనసు కాచుకోవడం కూడా సంపాదకుడి ధర్మమే.

1872లో రెండు దెబ్బలు తగిలాయి. అప్పుల పాలైన స్ట్రాహన్ చేతినుంచి పత్రిక జారిపోయింది. జూన్‌లో మెక్లౌడ్ కన్నుమూశారు. ఆయన తమ్ముడు డొనాల్డ్ మెక్లౌడ్ ఆ బాధ్యత తలకెత్తుకుని ముప్ఫై ఏళ్లకు పైగా మోశారు. ఈలోగా లోకం మారింది. ఫొటోలను నేరుగా అచ్చువేసే పద్ధతి వచ్చి చెక్కబొమ్మల పనివారికి పని లేకుండా పోయింది. 1891లో వచ్చిన ‘స్ట్రాండ్’ అదే ఆరు పెన్నీలకు పుటపుటకూ బొమ్మలు, షెర్లాక్ హోమ్స్ కథలు ఇచ్చింది. ఆదివారం ఏం చదవాలన్న దిగులు కొత్త తరానికి లేదు. డొనాల్డ్ 1905లో తప్పుకున్నారు. మరుసటి ఏడాది ‘గుడ్ వర్డ్స్’, స్ట్రాహనే 1864లో ప్రారంభించిన దాని చెల్లెలి వంటి పత్రిక ‘సండే మ్యాగజైన్’ ఒకటైపోయాయి.