హాడ్జ్సను దొర: పిట్టలును దేశభాషలును

హిమాలయారణ్యములలోని పక్షులను, చిరుజంతువులను లోకమునకు తెలియజేసిన వారిలో బ్రయన్ హాటన్ హాడ్జ్సను అగ్రగణ్యుడు. 1800 సంవత్సరమున ఇంగ్లండులో జన్మించిన యీతడు కుంపిణీ కొలువున 1820లో ఖాట్మండు చేరి, 1833 మొదలు 1843 వరకు అచట రెసిడెంటుగా నుండెను.

లోయ దాటి యథేచ్ఛగా తిరుగుటకు నేపాళ దర్బారువారు సమ్మతింపలేదు. అందుచే నతడు స్థానికులగు వేటకాండ్రను కొండలకు బంపెడివాడు. వారు తెచ్చిన ప్రాణుల కొలతలు, తిండి, నడవడి వ్రాసికొని, రాజమాన్ సింగు మున్నగు నేపాళీ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. తరాయి, నడికొండలు, మంచుసీమ అను మూడు మండలములలో నేది యెచట బ్రతుకునో వింగడించెను.

మాకు మిక్కిలి ముఖ్యముగ దోచునది వేరొకటి. 1836, 1837 సంవత్సరములలో యుహినా, మిన్లా, కుటియా అను పిట్టలకును, లోక్రియా అను ఉడుతకును అచటి జనుల నోటిపేళ్లనే శాస్త్రనామములుగా నిలిపెను. 1835లో ప్రభుత్వమువారు ఇంగ్లీషు చదువునకు పట్టము గట్టగా, దేశభాషలలోనే విద్య గరపవలెనని వాదించినదియు నీతడే. ఆ వాదము నాడు చెల్లలేదు.

1845 నుండి 1858 వరకు డార్జిలింగున నివసించి, 1847లో పొట్టి యడవిపందిని వర్ణించి, 1894లో లండనున గతించెను. ఆ వేటకాండ్రు ప్రసిద్ధికి రాలేదు గాని, వారి మాటలు శాస్త్రమున నిలిచినవి. పిట్టకు పేరీయగల భాష ఆ పిట్టనుగూర్చిన శాస్త్రమును బోధింప జాలదనుట యెట్లు పొసగునో మన విద్యాధికులు యోచింతురుగాక.